గోడకు పట్టిన పాట

సోమవారం పొద్దున్నే కాలీ ఊళ్ళో ఒబ్రెరో పేట ఆడవాళ్ళు మాసిన బట్టలు బకెట్లలో వేసుకుని డాన్సు హాలు వెనక గోడ దగ్గరికి వచ్చేవాళ్ళు. అక్కడ కుళాయి ఉంది, కాస్త నీడ ఉంది, గోడలో శనివారం నాటి పాట ఉంది.

ఎర్మీనియా రియాస్కోస్ బృందం వాయించి, సామాను సర్దుకుని, బస్సెక్కి వెళ్ళిపోయాక కూడా ఆ పాట గోడలోనే ఉండిపోయేది. పక్కింటి రేడియో అంత చిన్నగా వినిపించేది, కానీ ఏ వాద్యం ఎక్కడ మోగిందో తేటగా తెలిసేది. ఇటుక గోడలో బుధవారం దాకా నిలిచేది. వెదురు తడికకు మట్టి మెత్తిన పాతకాలపు గోడైతే శుక్రవారానికి కూడా వదిలేది కాదు. దుప్పట్లు బాదాలంటే బాకాలు ఎక్కువున్న పాట కావాలనీ, పసిపిల్లల గుడ్డలు జాడించడానికి నెమ్మది పాటే బాగుంటుందనీ ఆ ఆడవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. "ఈసారి బాగా పట్టిందా?" అని ఆలస్యంగా వచ్చినావిడ అడిగేది, చేపకు ఉప్పు పట్టిందా అని అడిగినట్టు.

ఒకసారి చర్చిలో పెళ్ళికి వాయించారు. మర్నాడు అదే చర్చికి ఒక ముసలి వడ్రంగి శవపేటిక తెచ్చారు. గోడల్లో ఇంకా పెళ్ళి పాటే నడుస్తోంది. పెట్టె మోస్తున్న మనుషుల అడుగులు వాళ్ళకు తెలియకుండానే తాళంలో పడ్డాయి. ఆ తర్వాత నుంచి ఫాదర్ పెళ్ళి వాయిద్యాల వాళ్ళను బయట మెట్ల మీద కూచోబెట్టాడు, అంతే.

కాలీ ఊరంతా దాన్ని ఎర్మీనియా హస్తవాసి అనేది. ఆవిడా అలాగే అనుకునేది.

ఆవిడ పుట్టింది సముద్రం ఒడ్డున, బ్వేనవెంతురా రేవులో, నీళ్ళ మీద గుంజలు పాతి కట్టిన ఇంట్లో. అక్కడి కన్యాస్త్రీల మఠంలో అంట్లు తోముతూ హార్మోనియం నేర్చుకుంది. అమ్మ పోయాక తమ్ముడు ఆర్నుల్ఫోని చంకనేసుకుని కాలీ వచ్చి డాన్సు హాలు వంటింట్లో చేరింది. పియానో వాయించే ఆయన ఒకరోజు తాగి పడిపోతే, చేతులు గుడ్డకు తుడుచుకుని వెళ్ళి ఆ పీట మీద కూచుంది. మళ్ళీ వంటింటికి రాలేదు. మగవాళ్ళ బృందాల్లో కొన్నేళ్ళు వాయించింది. నాయకత్వం తనకిమ్మంటే బాకాల వాళ్ళు, "ఆడదాని చెయ్యి చూసి ఊదమంటావా?" అని నవ్వారు. సరే అని ఆడవాళ్ళనే పోగేసింది. కుట్టుపని చేసే నోయెమీకి బేసు నేర్పింది. చేపలమ్మే ఆవిడకు ట్రాంబోన్ ఇచ్చింది. ఒక నర్సు కాంగా డ్రమ్ముల దగ్గర కూచుంది. వెనక వరసలో, డ్రమ్ముల పక్కన, ఒబ్దూలియా వాల్వెర్దె అనే ఆవిడ గీరో వాయించేది. ఎండిన సొరబుర్ర మీద గాట్లు పెట్టి పుల్లతో గీరడమే ఆ వాద్యం, పేరుకు తగ్గట్టే. బృందంలో అందరూ దాన్ని బుర్ర అనేవాళ్ళు.

బృందం పేరు ‘రేవు నిప్పులు’. వాళ్ళ సాల్సా డాన్సు పాటల కోసం జనం కొండలు దిగి వచ్చేవాళ్ళు. ఎర్మీనియా మంచి నాయకురాలే కానీ మెత్తని మనిషి కాదు. తాళం తప్పినవాళ్ళను బస్సు దింపేసేది. ప్రతి డాన్సు మర్నాడు హాలుకు వెళ్ళి గోడ మీద అరచెయ్యి ఆనించి వినేది. "బాగా పట్టింది," అనుకుని ఇంటికొచ్చేది. ఆ అరచేతిని ఒక పత్రికవాడు ఫోటో కూడా తీసి వేశాడు.

అలా ముప్పై ఏళ్ళు దొర్లిపోయాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ చేప వేయిస్తోంది. నోయెమీ బల్ల దగ్గర కూచుని పచ్చి అరటికాయ ముక్కలు చితక్కొడుతోంది. రేడియోలో ఫుట్‌బాల్ ముగిసింది. "ఇప్పుడు బూగా ఊరి నుంచి ప్రత్యక్ష ప్రసారం, రేవు నిప్పులు," అన్నాడు రేడియో అతను.

"పాతదేదో వేస్తున్నట్టున్నాడు," అంది నోయెమీ.

పియానో మొదలైంది. అది ఎర్మీనియా కట్టిన పాట. ఎడమచేతి వరస పరుగెత్తుకొచ్చి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకుంది. వేళ్ళు చురుగ్గా ఉన్నాయి. జనం కేకలు, ఎవరో పడుచుపిల్ల గొంతు, "బూగా, చెప్పులు విప్పండి," అని పిలవడం, అన్నీ ఆ నిమిషంలో జరుగుతున్నవే.

ఎర్మీనియా తన రెండు చేతులూ చూసుకుంది. ఒక చేతిలో గరిటె ఉంది. రెండోది ఖాళీగా ఉంది.

"మనం ఇక్కడున్నాం కదే," అంది నోయెమీ చాలాసేపటికి. చేప మాడిన వాసన ఇల్లంతా పరుచుకుంది. ఇద్దరూ పొయ్యి కట్టెయ్యలేదు.

మర్నాడు ఆర్నుల్ఫో కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు. బృందానికి బేరాలు కుదిర్చేదీ, బస్సు మాట్లాడేదీ మొదట్నుంచీ అతనే.

"విన్నావటగా అక్కా," అన్నాడు బల్ల ముందు కూచుంటూ.

"విన్నాను."

"పిల్లలు బాగా వాయించారు. నువ్వే ఒప్పుకోవాలి."

"ఎవరా పిల్లలు?"

"సంగీతం బళ్ళో చదివినవాళ్ళు. అక్కా, నేనేం చెయ్యను చెప్పు. నిన్ను స్టేజీ ఎక్కించాలంటే ఇద్దరు చెరో రెక్కా పట్టుకోవాలి. నోయెమీకి మోకాళ్ళు పోయాయి. బాకా ఆవిడ పళ్ళు కట్టించుకుంది. హాళ్ళవాళ్ళు ఫోటో పంపమంటున్నారు."

"అయితే కొత్త ఫోటో తీయించు."

"తీయించాను. వాళ్ళది."

ఎర్మీనియా చాలా మెల్లగా అడిగింది. "పేరు నాది కదరా?"

"పేరు నాదక్కా. రిజిస్టరు చేయిస్తూ ఎవరి మీద పెట్టించాలి అని అడిగితే, నీ మీదే పెట్టించెయ్ రా, నన్ను విసిగించకు, పాట కుదరట్లేదు అన్నావు. గుర్తుందా?"

గుర్తుంది. ఆ రోజు కుదరని పాట ఏదో కూడా గుర్తుంది. ఆవిడ కాసేపు తమ్ముడి కొత్త చొక్కా గుండీలకేసి చూసింది.

"సరే, పేరు పట్టుకుపో. గోడల్ని ఎలా పట్టుకుపోతావు? ఆ పిల్లలు నా పాట వాయిస్తారు, బస్సెక్కుతారు. మర్నాడు గోడ మూగది. హాళ్ళవాళ్ళు నిన్ను మళ్ళీ పిలుస్తారా?"

ఆర్నుల్ఫో నోట్లో ముద్ద నములుతూ ఆగిపోయాడు. ఆ భయం అతనికీ ఉందని ఆవిడకు తెలిసింది. లేచి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక గానీ, తనే అతనికి అన్నం వడ్డించిందని ఎర్మీనియా గమనించలేదు. కంచం ఖాళీగా ఉంది.

మంగళవారం నోయెమీని వెంటబెట్టుకుని బూగా బస్సెక్కింది. మూగగోడను కళ్ళారా చూసి రావాలని ఆవిడ కోరిక. దారిపొడుగునా చెరుకు తోటలు చూస్తూ హుషారుగానే ఉంది.

హాలు కాపలాదారు కుర్చీ గోడకు ఆనించి వేసుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. మడమ నేల మీద ఆడుతోంది. ఆవిణ్ణి గుర్తుపట్టి గబగబా లేచాడు.

"రండమ్మా రండి, దోన్యా ఎర్మీనియా. మీ పిల్లలు ఊరు ఊరంతా ఊపేశారు. వినండి, ఇంకా ఎంత గట్టిగా ఉందో."

ఆవిడ అరచెయ్యి గోడకు ఆనించింది. నమ్మలేక చెవి కూడా ఆనించింది. పడుచుగొంతు పాడుతోంది. తనది కాని చెయ్యి తన పాట వాయిస్తోంది, గోడ దాన్ని నిండుగా పట్టుకుని ఉంది.

ఎర్మీనియా అక్కడే గచ్చు మీద కూలబడింది. ఎండదెబ్బ అనుకుని కాపలాదారు బెల్లం నీళ్ళు తెచ్చాడు. ఆవిడ గ్లాసు పట్టుకుంది కానీ తాగడం మరిచిపోయింది.

"పిల్లల్ని మంచి చేతుల్లో పెట్టారు," అన్నాడతను నోయెమీతో. "ఆ పెద్దావిడ ఒక్కదాన్నీ బయట తిరగనివ్వలేదు. నీళ్ళు తాగించింది, తిట్టింది, మళ్ళీ వెళ్ళి వెనక కూచుని బుర్ర గీరింది."

"ఒబ్దూలియా," అంది నోయెమీ. "చెల్లెలికి ఒంట్లో బాలేదని చెప్పి వెళ్ళింది."

తిరుగు బస్సులో ఎర్మీనియా ఒకే ఒక్క మాట అంది. "బుర్ర గీరే మనిషి పోతే పోయింది. దాని గురించి కాదు."

ముప్పై ఏళ్ళుగా తన చేతిలో ఉందనుకున్నది తన చేతిలో లేదు. ఎవరి చేతిలోనైనా ఉండొచ్చు. కాలీ దగ్గర పడేసరికి ఆవిడ ఒక సమాధానం వెతుక్కుంది. చేతిది కాకపోతే పాటది. పాట కట్టింది తనే. గోడ పట్టుకునేది పాటను.

ఆ శనివారమే ఒబ్రెరో పేట హాల్లో పాతవాళ్ళంతా వాయించారు. గుమ్మానికి రేవు నిప్పులు అనే పలక పెట్టలేదు, ఎర్మీనియా రియాస్కోస్ అని మాత్రమే పెట్టారు. పేటంతా కదిలి వచ్చింది. బుర్ర లేకుండానే వాయించారు, లోటు ఎవరికీ తెలియలేదు. ఎర్మీనియా ఎన్నో ఏళ్ళుగా వాయించనంత బాగా వాయించింది. చెమటకు బట్టలు ఒంటికి అంటుకుపోయాయి. చివర్లో జనం ఆవిడకు దిగి వెళ్ళడానికి దారివ్వలేదు.

సోమవారం ఆడవాళ్ళు బకెట్లు తెచ్చుకున్నారు. ఎర్మీనియా వాళ్ళకంటే ముందే వచ్చి గోడ దగ్గర నిలబడి ఉంది. ఒకావిడ కుళాయి తిప్పి, మళ్ళీ కట్టేసింది. నీళ్ళ చప్పుడు ఆగింది. వీధి చివర ఐస్ బండి గంట వినిపించింది. గోడలో ఏమీ లేదు.

"కొత్తగా సున్నం కొట్టారేమో," అంది ఒక ముసలావిడ జాలిగా.

గోడకు సున్నం పెచ్చులు ఊడి ఏళ్ళయింది. ఎవరూ ఎర్మీనియా ముఖం చూడలేదు. ఎవరి బకెట్ వాళ్ళు తీసుకుని, పెరట్లో ఉతుక్కోవడానికి ఇళ్ళకు వెళ్ళిపోయారు.

నోయెమీ ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చి మంచం మీద కూచోబెట్టింది. తనూ పక్కన కూచుని, "సున్నం అంటే ఒకటి గుర్తొచ్చింది," అంది. "పాల్మీరాలో ఒక పెళ్ళికి వాయించాం చూడు. మర్నాడు గోడ పలకలేదు. పచ్చి సున్నం మీద పాట ఎలా పడుతుందని ఇంటాయన మీద ఎగిరావు."

"అయితే?"

"ఆ రోజు ఒబ్దూలియా రాలేదు. కూతురికి పురుడు."

ఎర్మీనియా మంచం మీంచి లేచింది. తర్వాత చెప్పులు వేసుకుంది. ఎడమ కాలిది కుడి కాలికి వేసుకుని, వీధి సగం నడిచాక చూసుకుని మార్చుకుంది.

ఒబ్దూలియా వంటింట్లో కొబ్బరి కోరుతోంది. ఆవిడ పని ఆపినా చప్పుడు ఆగలేదు. నిన్న కోరిన కొబ్బరి గోడలో ఇంకా వినిపిస్తోంది.

"నీకు తెలుసా?" అంది ఎర్మీనియా గుమ్మంలోనే.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"చిన్నప్పట్నుంచి. మా అమ్మ నన్ను కొబ్బరి ముట్టుకోనిచ్చేది కాదు, గోడ గీరుతుంటే నిద్ర పట్టదని. లోపలికి రా. నిలబడితే నీ మోకాళ్ళు ఊరుకోవు."

ఎర్మీనియా లోపలికి వచ్చింది కానీ కూచోలేదు. "నాకెందుకు చెప్పలేదు?"

"మొదటి ఏడు చెబుదామనే అనుకున్నా. నువ్వేమో గోడ మీద చెయ్యేసి, బాగా పట్టింది అంటున్నావు. ఆ ముఖం చూసి ఎలా చెప్పను? తర్వాత పత్రికవాడు వచ్చి నీ చేతికి ఫోటో తీశాడు. అప్పట్నుంచి నవ్వొచ్చేది. నవ్వొచ్చిన రోజు నాకేం బాధ ఉండేది కాదు."

"నవ్వు రాని రోజు?"

ఒబ్దూలియా కోరాముతో గోడ మీదికి చూపించింది. అక్కడ మేకుకు వాళ్ళ మొదటి రికార్డు అట్ట వేలాడుతోంది. పదిమంది ఆడవాళ్ళు పళ్ళు కనిపించేలా నవ్వుతున్నారు. కుడి అంచున ఒక మోచెయ్యి ఉంది. "నవ్వు రాని రోజు దీన్ని చూసేదాన్ని. ఆ మోచెయ్యి నాది."

ఎర్మీనియా ఆ అట్టను ఎన్ని వందలసార్లు చూసిందో. మోచెయ్యి ఉన్నట్టు ఆవిడకు ఇవాళే తెలిసింది.

"ఆర్నుల్ఫోకి తెలుసా?"

"వాడి ముఖం. ఆడపిల్లల వెంట పెద్దదాన్నొకదాన్ని పంపకపోతే తల్లులు ఒప్పుకోవట్లేదని నన్ను పిలిచాడు. కిటికీ పక్క సీటిస్తానన్నాడు. నీ బస్సులో నేనెప్పుడూ డ్రమ్ముల సందులోనే కదా. వెళ్ళాను. అబద్ధం చెప్పి వెళ్ళినందుకు మాత్రం సిగ్గుగానే ఉంది."

గోడలో కొబ్బరి కోరుతూనే ఉంది. ఎర్మీనియాకు అరవాలనిపించింది, ఇంటికి పోయి తలుపేసుకోవాలనిపించింది. తిరిగి రమ్మని అడగడానికే వచ్చింది. శనివారం తను అంత బాగా వాయించింది. సోమవారం పొద్దుటికి దాని జాడ లేదు. అందరి సంగీతం అంతే కదా, అలా బతకొచ్చు. కానీ ఆవిడకు అలా బతకడం చేతకాదు.

"పోస్టరు మీద నీ పేరు వేస్తే వస్తావా?" అంది. ఆ మాట విని ఒబ్దూలియా కంటే ముందు తనే తెల్లబోయింది.

"నీ పేరు పక్కనా?"

"నా పేరు ఉండదు. నీదే."

ఒబ్దూలియా చేతిలో కొబ్బరి చిప్ప కిందపెట్టింది. ముఖంలో రంగు మారింది. "నాకు లెక్కపెట్టి మొదలెట్టించడం రాదు."

"వస్తుంది. లేకపోతే పడతాం, లేస్తాం."

"ఆ పిల్లల్ని వదిలి రాలేను. వాళ్ళ అమ్మలు నా చేతిలో పెట్టారు, ఆర్నుల్ఫో చేతిలో కాదు."

"వాళ్ళనీ తీసుకురా."

"నీ పియానో ఎక్కడ పెడతావు మరి? ఆ పిల్లకీ పియానోనే."

ఎర్మీనియా ఇప్పుడు కూచుంది. "అది ముందు వాయిస్తుంది. నాది వెనక పెట్టించు," అంది.

ఆ వారాంతంలో ఆర్నుల్ఫో బస్సు తీసుకుని కూడలిలో ఎదురుచూశాడు. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. ఎవరూ రాలేదు. అతను అక్కడి నుంచి నేరుగా అక్క ఇంటికొచ్చాడు. పిల్లలంతా ఆవిడ హాల్లో నేల మీద కూచుని అన్నం తింటున్నారు, పాతవాళ్ళు వడ్డిస్తున్నారు. అతను గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

"ఇదేంటక్కా?"

"నీ పేరు నీ దగ్గరే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు," అంది ఎర్మీనియా. కూర గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఈసారి అతనికి వడ్డించలేదు.

డిసెంబరు సంబరాలకు ఊరంతా పోస్టర్లు అంటించారు. ఒబ్దూలియా బజారు నుంచి వస్తూ కరెంటు స్తంభం దగ్గర ఆగింది. ‘ఒబ్దూలియా వాల్వెర్దె, ఆవిడ బృందం’ అని ఎర్రక్షరాల్లో ఉంది. పక్కూళ్ళో ఎవరో ఆ పేరుగలావిడ గురించి చదువుతున్నట్టు చదివింది. తర్వాత ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసింది. సంచీలోంచి ఉల్లిపాయలు దొర్లిపోతున్నా తెలియలేదు.

ఆ సాయంత్రం హాల్లో ఇరవైమందికి పైగా ఆడవాళ్ళు స్టేజీ మీద కిక్కిరిశారు. ఒబ్దూలియా ముందుకొచ్చి, బుర్ర ఎత్తి, "ఒకటి, రెండు," అని ఆగిపోయింది. సగంమంది మొదలెట్టారు, సగంమంది ఎదురుచూశారు. పాట కుప్పకూలింది. జనం నవ్వలేదు, ఈలలు వెయ్యలేదు, నిలబడి చూశారు. ఆవిడ ముఖం తుడుచుకుంది, మళ్ళీ లెక్కపెట్టింది. ఈసారి అందరూ ఒక్కసారి దూకారు.

బాకాల వెనక కూచున్న ఎర్మీనియాకు వీపులు తప్ప ఇంకేమీ కనిపించలేదు. జనం ఎలా ఆడుతున్నారో తెలుసుకోవాలంటే నేల అదురును కాళ్ళతో వినాలి. ఆవిడ చెప్పులు విప్పేసి వాయించింది.

మర్నాడు పొద్దున్న ఒక్కతే హాలుకు వెళ్ళింది. పాస్తో కొండల నుంచి కొత్తగా పనికొచ్చిన ఒకావిడ కుర్చీలు ఎత్తి పెట్టి ఊడుస్తోంది. గోడలు నిండుగా పలుకుతున్నాయి. ఎర్మీనియా ఒక కుర్చీ లాక్కుని కూచుంది. ముప్పై ఏళ్ళు తన పియానో పక్కనే కూచోవడం వల్ల మిగతావాళ్ళను ఆవిడ సరిగ్గా వినలేదు. చేపలావిడ ట్రాంబోన్‌లో చివర ఒక వంపు ఉంది, అది ఎవరూ నేర్పింది కాదు. నోయెమీ బేసు ఆ పడుచుపిల్ల గొంతు కింద చాప పరిచినట్టు నడుస్తోంది. వాటన్నిటినీ కలిపి కుడుతున్నట్టు బుర్ర. ఆవిడ బిత్తరపోయి వింటూ ఉండిపోయింది. ఇది తన బృందం కంటే మంచి బృందం.

ఊడ్చే ఆవిడ చీపురు మీద ఆనుకుని నిలబడింది. "ఎవరి బృందం దోన్యా ఇది?"

"ఒబ్దూలియా వాల్వెర్దెది," అంది ఎర్మీనియా. "నేనందులో పియానో వాయిస్తాను."

ఆవిడ తల పక్కకు వంచి కాసేపు విన్నది. "ముందు ఒక పియానో వినిపిస్తోంది. అది మీరేనా?"

"కాదు. నాది వెనకది."

"ఇంకోటి కూడా ఉందా?"

"ఉంది. కొంచెం ఆగమ్మా, వస్తుంది."

ఇద్దరూ గోడకేసి చూస్తూ, అది వచ్చేదాకా ఆగారు.